దొంగ చూసిన దీపం

దొంగను ఒక్క బల్ల మీదే వదలాలని బోర్డు మీద రాసి ఉంది.

మరదలు ఆ ముక్క చదివి, భుజాన ఉన్న సంచి దించకుండానే ఇంకోసారి చదివింది. గురువారం ఆస్పత్రి వాళ్ళు వస్తున్నారు. వాళ్ళకు రెండు బల్లలు చూపించాలి. మొదటిది, ఏ కాలంలోనూ మెడకు మఫ్లరు తియ్యని మఫ్లరాయనది, రెండోది ఆమెది. ఆ రెంటి కింద ప్రయోగశాల పెద్దాయన తన గుండ్రటి అక్షరాలతో 'దొంగ పరీక్ష: రెండో బల్లకు మాత్రమే' అని రాసి, ఎవరికైనా కనపడదేమోనని కింద గీత కూడా గీశాడు.

ఈ ప్రయోగశాలలో దొంగ అంటే తిట్టు కాదు, ఉద్యోగం. గాజు తీగలో పోయే రహస్యాన్ని మధ్యలో కూర్చుని కాజెయ్యాలి, అదీ పని. కాజేస్తే దొంగ గెలిచినట్టు, పెట్టె ఓడినట్టు. ఏళ్ళ తరబడి ఆ కుర్చీలో కూర్చున్నావిడ మరెవరో కాదు, మరదలి మొగుడికి స్వయానా అక్క. అందుకే గేటు దగ్గర కాపలావాడి నించి పెద్దాయన దాకా అందరూ వాళ్ళను వదిన అనీ మరదలు అనీ అంటారు. అసలు పేర్లు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు.

మరదలు నేరుగా పెద్దాయన గదిలోకి వెళ్ళింది.

"సార్, దొంగ పరీక్ష నా బల్లకే ఎందుకండీ?"

పెద్దాయన చెడ్డవాడేం కాదు. కాకపోతే ఒక సంగతి నచ్చిందంటే ఇక దాని గురించి వినడం మానేసే రకం. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి నవ్వాడు.

"నీకు తెలియంది కాదు కదమ్మా. మొదటి బల్ల మీదున్నది మెరుపుకి ఒక్క రేణువునే వదులుతుంది. దానికి తప్పు చెయ్యడమే రాదు. తప్పు చెయ్యనిదానికి దొంగెందుకు, చెప్పు? నీదంటే..." ఏదైనా మర్యాదైన మాట కోసం వెతికాడు, దొరకలేదు. "గుడ్డిదీపం కదా."

విషయం వినడానికి పెద్దదే గానీ అర్థం కావడానికి కాదు. ఆస్పత్రికీ, రక్తపరీక్షలు చేసే చోటికీ మధ్య గాజు తీగ ఉంది. రోగుల రిపోర్టులకు తాళం వేసి అందులో పంపుతారు. ఆ తాళంచెవిని కాంతి మెరుపులతో తయారుచెయ్యాలి. ఒక్కో మెరుపులో ఒకే ఒక్క కాంతి రేణువు ఉంటే దొంగ ఆటలు సాగవు. దాన్ని మింగేస్తే అవతలికి చేరదు, ముట్టుకుని వదిలితే పాడై చేరుతుంది, ఎలాగైనా దొరికిపోతుంది. కానీ ఒకే మెరుపులో రెండు రేణువులు జంటగా బయల్దేరాయనుకోండి, దొంగ ఒకటి జేబులో వేసుకుని రెండోదాన్ని నవ్వుతూ సాగనంపుతుంది. అవతలివాళ్ళకు చీమ కుట్టినట్టయినా ఉండదు. అలా జంటగా పుట్టినవాటిని ఇక్కడ కవలలంటారు.

మఫ్లరాయన దీపం ఒక స్ఫటికంలో ఉండే చుక్క. గదిలో సగం ఆక్రమించిన చలిపెట్టెలో దాన్ని బిగిసిపోయేంత చల్లగా ఉంచితే ఒక్కొక్క రేణువునే ఉమ్ముతుంది. మరదలి దీపం మామూలు లేజరు. దాని వెలుగును తగ్గించి, తగ్గించి, ఇక ఆరిపోయిందేమో అనుకునేంత తగ్గించి వాడుతుంది. ఎంత తగ్గించినా అప్పుడప్పుడూ కవలలు పుడుతూనే ఉంటాయి. అది నిజం. ఆమె ఏనాడూ కాదనలేదు.

"మీ చలిపెట్టెను పెద్దాస్పత్రిలో పెడతారు, సరే. మా వీధి చివర క్లినిక్కులో ఎక్కడ పెడతారండీ?" అంది. "అక్కడ మందులివ్వడానికే చోటు లేదు. రిపోర్టు వస్తే ముందు గుమాస్తా చదువుతాడు, తర్వాత వీధి చదువుతుంది, ఆఖర్న రోగి చదువుకుంటాడు. నా పెట్టె చెప్పుల పెట్టంత ఉంటుంది, అల్మారా మీద పెట్టుకోవచ్చు."

"అందుకే కదమ్మా నీకు అవకాశం ఇచ్చింది? దొంగకు దొరక్కుండా చూపించు." కళ్ళజోడు మళ్ళీ ముక్కు మీదికి దిగింది, అంటే మాటలైపోయినట్టే. "ఓడిపోతే మాత్రం శుక్రవారం పొద్దున్నకల్లా బల్ల ఖాళీ చెయ్యి. మఫ్లర్‌కి ఇంకో కంప్రెసరుకి చోటు కావాలట."

"గెలిస్తే?"

"గెలిస్తే చూద్దాం."

ఓడితే ఏమవుతుందో అంత వివరంగా చెప్పి, గెలిస్తే 'చూద్దాం' అన్నప్పుడు మరదలికి ఒళ్ళు మండింది. నోటిదాకా వచ్చినదాన్ని మింగి, బయటికొచ్చి, సంచి కొక్కేనికి తగిలించి, తన బల్ల మీద దుమ్ము గుడ్డ తీసింది. తాడో పేడో ఇక్కడే తేల్చుకోవాలని అప్పుడే నిశ్చయించుకుంది.

ఆమె దగ్గరున్న ఎత్తు ఒక్కటే: ఎర. అసలు మెరుపుల మధ్యలో, ఎప్పుడు ఏది వస్తుందో తనకే తెలియకుండా, ఇంకా మసకైన మెరుపుల్ని కలిపి పంపుతుంది. మసకవన్నీ ఎర. ఏది అసలో ఏది ఎరో దొంగకు తెలియదు. ఒంటరి రేణువుల్ని మింగేస్తూ, కవలలున్న మెరుపుల్నే సాగనంపుతూ పోయిందా, కవలలు తక్కువుండే మసక మెరుపులు అవతలికి మరీ తక్కువగా చేరతాయి. అంతా అయ్యాక పెట్టెలో నమోదైనది చూసి మరదలు ఫలానావి ఎర అని బయటపెట్టేస్తుంది. అవతల లెక్క చూసుకుంటారు. ఎర ఉండాల్సినదానికన్నా ఎక్కువ మాయమైతే దారిలో ఎవరో కూర్చున్నట్టే. గంట మోగుతుంది, ఆ తాళంచెవిని పారేసి మళ్ళీ మొదలెడతారు. దీపంలో లోపం అలాగే ఉంటుంది, కానీ దాన్ని అడ్డం పెట్టుకుని ఎవరూ ఏమీ పట్టుకుపోలేరు.

సోమవారం మధ్యాహ్నానికి తీగ మధ్యలో చెక్క గోడ నిలబెట్టారు. దాని వెనక వదిన కుర్చీ. గోడ అవతల ఏం జరుగుతోందో మరదలికి కనపడదు, వదినకు తీగ తప్ప ఇంకేదీ కనపడదు. లోపల ఏం దొరికినా గురువారం దాకా దొంగ నోరు విప్పకూడదు. అది ఇక్కడి కట్టుబాటు.

ఇంట్లో కట్టుబాటు వేరే ఉంది. పై వాటాలో వదిన, కింద వాటాలో తమ్ముడూ మరదలూ, వంటిల్లు మాత్రం ఒక్కటే. గుమ్మం దాటి లోపలికొస్తే దొంగ లేదు, దీపం లేదు. దెప్పిపొడుపులు మాత్రం ఉంటాయి, వాటిని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ సాయంత్రం కూడా వదిన చెప్పులు విప్పుతూనే మొదలెట్టింది.

"ఏమే మరదలు పిల్లా, పురుడు పోసుకున్నావా ఇవాళ? ఎంతమంది కవలలు?"

"నీకెందుకు వదినా? ఉయ్యాల కొనిస్తావా?"

"కొనిస్తా. ఆ పెట్టెను కూడా అందులోనే వేసి ఊపుదువుగాని. రొట్టె మాడుతోంది చూసుకో, దీపం వెలిగించడం రాకపోయినా స్టవ్వు వెలిగించడం బాగానే వచ్చు నీకు."

కళ్ళద్దాల దుకాణం మూసి అప్పుడే వచ్చిన తమ్ముడు, "ఒకే ఇంట్లో దొంగనీ, దొంగను పట్టేవాళ్ళనీ పెట్టుకున్నాను. నాకు దిక్కెవరు?" అని మామూలుగా అనే మాటే అన్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ పూట హాయిగా గడిచింది.

మంగళవారం సాయంత్రం అలా గడవలేదు.

వదిన వచ్చింది. చెప్పులు విప్పింది. ఒక్క మాట దెప్పలేదు. వంటింట్లోకి వెళ్ళి, సింకులో ఉన్న గిన్నెలు తనే తోమడం మొదలెట్టింది. మరదలు లేవబోతే, "కూర్చోవే, పొద్దుట్నించీ నిలబడే ఉన్నావు," అంది. తర్వాత గుడ్డు ఉడికించి, పెంకు తీసి, పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. ఉప్పు కూడా తనే చల్లింది.

"అక్కా, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు తమ్ముడు.

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను."

అంటూనే, వెళుతూ వెళుతూ మరదలి తల మీద చెయ్యి వేసి మెల్లగా నిమిరింది.

మరదలు పళ్ళెం పక్కన పెట్టేసింది. పెళ్ళయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నించీ వదిన ఆమెను ఆటపట్టించింది, కసిరింది, జ్వరమొస్తే తిడుతూ తిడుతూ రాత్రంతా తడిగుడ్డ వేసింది. తల మాత్రం ఎప్పుడూ నిమరలేదు. దెప్పుతోందంటే వదినకు ఏమీ దొరకలేదని. జాలి పడుతోందంటే దొరికిందని. ఆవిడ నోటికి తాళం వేసుకుంది గానీ చేతికి వెయ్యడం మర్చిపోయింది.

అడగడానికి లేదు. అడిగినా చెప్పదు, చెప్పకూడదు. మరదలు వసారాలోకి వెళ్ళి ఆరిన బట్టలు తీస్తూ, ఒక్కొక్క క్లిప్పూ ఊడదీస్తూ ఆలోచించింది. ఏది అసలో ఏది ఎరో వదినకు తెలిసిపోయింది. అదొక్కటే దారి. అది తెలిస్తే ఎర మెరుపుల్ని తగుమాత్రంగా వదిలి, అసలు మెరుపుల్లో కవలల్ని దోచుకోవచ్చు, లెక్క ఎక్కడా తప్పదు, గంట మోగదు. కానీ ఎలా తెలిసింది? తన ఎర తనను ఎక్కడ పట్టిచ్చింది? చొక్కాలన్నీ మడతపెట్టడం అయిపోయింది, సమాధానం మాత్రం రాలేదు. దానికి తోడు ఇంకో ముల్లు గుచ్చుకుంది: ఇలా తెలుసుకోవడం న్యాయమేనా? వదిన చెయ్యిజారిన దాన్ని తను ఏరుకుంటోంది. అలాగని తెలియనట్టు నటించి గురువారం వెళ్ళి ఓడిపోవాలా? ఓడిపోవడానికి ఆమె సిద్ధంగా లేదు. ముందు చిల్లు పూడ్చాలి. తర్వాత, ఎలా పూడ్చిందో నలుగురి ముందూ చెప్పాలి. రెండోది మొదటిదానికన్నా కష్టమని తెలుసు, అయినా అదే ఖాయం చేసుకుంది.

బుధవారం తెల్లవారుతూనే బల్ల ముందుంది. ఇవాళ తను పంపే మనిషి కాదు, దొంగ. తన మెరుపుల్నే తను దొంగ కళ్ళతో చూడాలి. అసలు మెరుపుల్ని ఒకవైపు, ఎరను ఒకవైపు వేరుచేసి ఒక్కొక్కటే పోల్చింది. రంగు చూసింది, తేడా లేదు. కాంతి ఏ వైపు ఊగుతోందో చూసింది, తేడా లేదు. మెరుపు ఎంత వెడల్పుందో చూసింది, అదీ సమానమే. మధ్యలో టీ తెచ్చుకుని, తాగడం మరిచిపోయి, చల్లారిపోతే కిటికీలో పెట్టేసింది. ఇక మిగిలింది ఒక్కటే, అవి ఎప్పుడు చేరుతున్నాయన్నది. గడియారాన్ని వీలైనంత సన్నగా తిప్పి, రెండు గీతల్నీ తెర మీద ఒకదాని మీద ఒకటి పరిచింది.

ఒకదాని మీద ఒకటి పడలేదు. ఎర గీత వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంది.

ఎర ఆలస్యంగా వస్తోంది. మసకగా ఉండాలని ఎర మెరుపులప్పుడు లేజరుకు కరెంటు తగ్గించి ఇస్తోంది ఆమె. సగం కడుపుతో పడుకున్నవాణ్ణి లేపినట్టు, తక్కువ కరెంటుతో లేచిన లేజరు రవ్వంత బద్ధకంగా లేస్తోంది. అంతే. ఆ రవ్వంత చాలు వదినకు. ఇన్నాళ్ళూ తను ఎంత వెలుగు, ఎన్ని కవలలు అని కళ్ళలో వత్తులు వేసుకుని చూసింది గానీ, ఎప్పుడు వెలుగుతోందో చూడలేదు. ఈ పని చేసేవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు అది. మరదలు నుదురు కొట్టుకుంది, వెంటనే నవ్వొచ్చింది కూడా. తప్పు ఎక్కడుందో తెలిశాక దాని మీద కోపం ఉండదు ఆమెకు.

మందు తేలికే. లేజరుకు ఎప్పుడూ ఒకే కరెంటు ఇవ్వాలి, అన్ని మెరుపులూ ఒకేలా లేవాలి, బయటికొచ్చాక దారిలో ఒక తెర పెట్టి కొన్నింటిని మసక చెయ్యాలి. అంత వేగంగా మూసి తెరిచే తెర అంటే ప్రత్యేకమైన స్ఫటికం కావాలి. ఈ భవనంలో అది ఒక్కచోటే ఉంది.

మఫ్లరాయన గదిలో కంప్రెసరు దడదడలాడుతోంది. చలిపెట్టెకు చలి సరిపోలేదని ఆయన దానితో కుస్తీ పడుతున్నాడు. బయట ఎండ కాస్తున్నా మెడకు మఫ్లరు అలాగే ఉంది.

"మీ దగ్గరో తెర స్ఫటికం ఖాళీగా ఉందటగా?"

"ఖాళీగా ఏం లేదు. విశ్రాంతి తీసుకుంటోంది."

"రేపటిదాకా నా దగ్గర తీసుకోనివ్వండి."

ఆయన పానా కింద పెట్టాడు. "అంటే, నన్ను ఓడించడానికి నా సామానే కావాలా నీకు?"

"మరెవర్నడగను? ఇక్కడ సామాను సామానులా ఉంచుకునేది మీరొక్కరే."

అది పొగడ్త కాదని, నిజమని ఆయనకు తెలుసు. గొణుక్కుంటూ వెళ్ళి అల్మారాలోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న పెట్టె తీశాడు. ఇవ్వబోతూ ఆగి, రెండు చివర్లనూ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, అప్పుడిచ్చాడు. "తుడిచే ఉన్నాయి. మళ్ళీ తుడిచి గీతలు పెట్టకు. వేడెక్కితే మొండికేస్తుంది, మెల్లగా బుజ్జగించు."

మిగిలిన రోజంతా ఆ బుజ్జగింపుకే సరిపోయింది. గాజు తీగ పై తొక్క ఒలిచి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, చివరను నిలువుగా కోసి, అతికే యంత్రంలో పెట్టింది. మొదటి అతుకు వంకరొచ్చింది. కోసి పారేసి మళ్ళీ చేసింది. రెండోది బాగా వచ్చింది. స్ఫటికం కింద వెచ్చటి పలక బిగించి, కుదురుకునేదాకా మర తిప్పుతూ, ఆపుతూ, తెర మీద గీతను చూస్తూ కూర్చుంది. ఒకసారి కుదిరినట్టే కుదిరి జారిపోయింది. ఎవరో తలుపు గట్టిగా వేశారు. మరదలు లేచి వెళ్ళి తలుపుకు మడతపెట్టిన అట్టముక్క దోపి వచ్చి మళ్ళీ మర పట్టుకుంది. పొద్దు వాలేసరికి రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఎంత సాగదీసి చూసినా ఒక్కటే గీత.

అది చూసి ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. ఆనందం కన్నా పంతమే ఎక్కువుంది ఆ ఊపిరిలో. ఇంటికెళ్ళి వదిన మొహం చూడకుండా తిని పడుకుంది.

గురువారం ఆస్పత్రి నించి ఇద్దరు డాక్టర్లు, వాళ్ళ ముందు గొడుగు ఊపుకుంటూ రికార్డుల విభాగం పెద్దావిడ వచ్చారు. డాక్టర్లు చలిపెట్టెను చూసి ముచ్చటపడ్డారు. రికార్డులావిడ దేన్నీ చూసి ముచ్చటపడే మనిషిలా లేదు.

"నాకీ రేణువులూ గీణువులూ తెలియవండీ," అంది. "పోయిన నెల ఒకావిడ జబ్బు సంగతి ఆవిడకన్నా ముందు ఆవిడ ఇంటి ఓనరుకి తెలిసింది. సామాను రోడ్డు మీద పెట్టించాడు. అలాంటిది మళ్ళీ జరక్కూడదు. నాక్కావలసింది అదీ."

పెద్దాయన ముందు రెండో బల్ల ముగించేద్దామన్నాడు. చెక్క గోడ వెనక వదిన కూర్చుంది. మరదలు మీట నొక్కింది. పెట్టె మీద చిన్న పచ్చ దీపం తప్ప కదిలేదేదీ లేదు, డాక్టర్లలో ఒకాయన ఆవులించాడు కూడా. కాసేపటికి అవతలి చివర గంట మోగింది. తాళంచెవి పారేశారు. మళ్ళీ మొదలెట్టారు, మళ్ళీ మోగింది. ఇంకోసారీ అంతే. దొంగ చెయ్యి పెట్టినప్పుడల్లా మోగింది, చెయ్యి తీసినప్పుడు శుభ్రంగా తాళంచెవి తయారైంది.

వదిన గోడ వెనకనించి బయటికొచ్చింది. మొహం ఎర్రగా ఉంది. "మొన్న దొరికింది," అంది అందరికీ వినపడేలా. "ఇవాళ దొరకలేదు."

పెద్దాయన కాస్త తడబడి, "బావుంది, బావుంది. ఇక మొదటి బల్ల..." అని తిరగబోయాడు.

"ఒక్క మాటండీ," అంది మరదలు. ఇప్పుడు ఊరుకుంటే బల్ల మిగులుతుంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. "మొన్న చిల్లుందని నేను నా అంతట నేను కనిపెట్టలేదు. మా వదిన చెప్పనూ లేదు. మంగళవారం ఇంటికొచ్చి నన్ను ఒక్క మాటా అనలేదు, గిన్నెలు తోమింది, తల నిమిరింది. అది చూసి దొరికిందని గ్రహించాను. ఎక్కడుందో మాత్రం నేనే వెతుక్కున్నాను."

రికార్డులావిడ పకపకా నవ్వింది. "అంటే మీ దొంగలోంచి కూడా కారుతోందన్నమాట!"

వదిన చరచరా దగ్గరికొచ్చి, "దుర్మార్గురాలా, గుడ్డు పెడితే ఇదా నువ్వు చేసింది?" అంది. కోపమో, సంతోషమో ఆవిడకే తెలిసినట్టు లేదు.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. "ఇది సరదా కాదమ్మా. బయటికి పొక్కిన పరీక్ష పరీక్ష కాదు. రద్దు చేస్తున్నాను. ఇక మిగిలింది మొదటి బల్లే." బల్ల పోయిందని ఆ మాటలకు అర్థం. మరదలికి మాత్రం వెనక్కి తగ్గే ఉద్దేశం లేదు.

"రద్దు చెయ్యండి సార్. ఒప్పుకుంటాను. ఇప్పుడే, వీళ్ళ ముందే మళ్ళీ పెట్టండి. ఈసారి మా వదిన వద్దు, మా ఇంట్లోవాళ్ళెవరూ వద్దు." వేలు చూపించింది. "ఆయన్ని కూర్చోబెట్టండి."

మఫ్లరాయన ఉలిక్కిపడ్డాడు. "నేనా?"

"మీకన్నా నేను ఓడిపోవాలని కోరుకునేవాళ్ళు ఇక్కడెవరున్నారు? మీరైతే జాలి పడరు. నా పెట్టెలో ఏముందో దాచేది కూడా లేదు. రండి, చెబుతాను."

నిజంగానే చెప్పింది. దీపంలో కవలలు ఎంత తరచుగా పుడతాయో చెప్పింది, ఎర ఎంత మసకో చెప్పింది, మంగళవారం చిల్లు ఎక్కడుందో, దాన్ని ఆయన స్ఫటికంతోనే ఎలా పూడ్చిందో అంతా చూపించింది. చెప్పనిది ఒక్కటే: ఈ క్షణాన పోయేది అసలో, ఎరో. అది ఆమెకూ తెలియదు. ఆయన అన్నీ విని, రెండు ప్రశ్నలడిగి, గోడ వెనక్కి వెళ్ళాడు.

చాలాసేపు కూర్చున్నాడు. ఆయన పంతమూ తక్కువది కాదు. కవలల కోసం చూశాడు, గంట మోగింది. కొంచెం కొంచెంగా, ఎవరూ గమనించనంతగా దొంగిలిద్దామనుకున్నాడు, అంత కొంచెంలో ఏమీ మిగల్లేదు. ఎర ఆలస్యంగా వస్తోందేమోనని గడియారం సన్నగా తిప్పాడు, ఒక్కటే గీత. లోపలినించి కుర్చీ కిర్రుమనడం, ఆయన తనలో తను గొణుక్కోవడం వినపడుతూనే ఉన్నాయి. కాసేపటికి ఆ గొణుగుడు ఆగిపోయింది. తర్వాత గంట కూడా మోగలేదు. ఆయన ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చున్నట్టుంది.

బయటికొచ్చేసరికి మఫ్లరు మెడ మీద లేదు, చేతిలో ఉంది.

"దొరకలేదు," అన్నాడు. పెద్దాయన ఏదో అనబోతే ఆపి, "సార్, మొదటి బల్ల ఇవాళ చూపించొద్దు," అన్నాడు.

"ఏమైందయ్యా?"

"మాకూ కవలలు పుడుతున్నాయి. ఎప్పుడో ఒకటి, అరా. లెక్కలో కనపడినప్పుడల్లా ఏదో దుమ్ము పడిందనుకుని గీత పెట్టి కొట్టేస్తున్నాను. తప్పు చెయ్యని దీపం అన్నాం కదా, ఇంకేమనుకుంటాను?" మఫ్లరును చేతుల్లో మెలిపెట్టాడు. "ఇప్పుడా కుర్చీలో కూర్చుంటే తెలిసింది. నేనే దొంగనైతే ముందు వెతికేది ఆ దుమ్మునే."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

రికార్డులావిడ గొడుగు చంకలో పెట్టుకుని రెండో బల్ల దగ్గరికి వచ్చింది. "ఏమ్మా, నీది ఎంత తప్పు చేస్తుందో నువ్వు చెప్పగలవా?"

"చెప్పగలనండీ. రోజూ చెప్పగలను. పెరిగితే అదీ చెబుతాను."

"అల్మారా మీద సరిపోతుందా ఇది?"

"సరిపోతుందండీ. ప్లగ్గు కూడా మామూలుదే."

"అయితే ముందు మా చిన్న క్లినిక్కుకి పంపండి. అక్కడే ఎక్కువ కారుతోంది." పెద్దాయన వైపు తిరిగింది. "ఆ చలిపెట్టె దీపం కూడా తర్వాత చూస్తానండీ. దొంగ చూశాక."

వాళ్ళు వెళ్ళిపోయారు, పెద్దాయన వాళ్ళను సాగనంపడానికి వెళ్ళాడు. బల్ల ఉంది. మరదలికి కూర్చుని ఏడవాలనిపించింది, గట్టిగా నవ్వాలని కూడా అనిపించింది. రెంటికీ తీరిక దొరకలేదు. మఫ్లరాయన దొంగ కుర్చీలోనే మళ్ళీ కూలబడి, తల వంచుకుని ఉన్నాడు. స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఎన్నాళ్ళుగా కొట్టేస్తున్నారు?"

"గుర్తులేదమ్మా. ఎన్ని ఉన్నాయో చూడాలంటే భయమేసింది."

"నాకూ భయమేసింది, మొదట్లో. లెక్కపెట్టాక పోయింది. పుడితే పుట్టనివ్వండి, ఎన్నో తెలిస్తే చాలు, మిగతాది ఎర చూసుకుంటుంది." లేచి నిలబడింది. "పదండి, కొట్టేసినవన్నీ మళ్ళీ బయటికి తీద్దాం."

ఆయన లేచి, జేబులోంచి చలిగది తాళం తీశాడు. ఇద్దరూ గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి వెనకనించి వదిన కేకేసింది.

"ఏమండోయ్, నన్ను కూడా రానిస్తారా, దొంగనని బయటే నిలబెడతారా?"

మఫ్లరాయన తలుపు బార్లా తీసి, పక్కకు తప్పుకున్నాడు.

"ముందు మీరే రండి," అన్నాడు.